కూలర్ పక్కన రబ్బరు చెప్పులు

లక్సెట్టిపేటలో మేం అద్దెకున్న ఇంట్లో ఏదో తేడా ఉందని మొదట తెలిసింది కూలర్‌లో నీళ్లు పోస్తున్నప్పుడు. ఇనుప డబ్బాకు మోచెయ్యి తగిలి, భుజం దాకా జివ్వుమంది. ఓనరు సుశీలమ్మ పక్క వాటాలోనే ఉంటుంది. వెళ్లి చెప్పాను.

"పాతిల్లు గదా బిడ్డా, జర చెప్పులేసుకోని నీళ్లు పొయ్యి. మా అత్త ఉన్నప్పటి సంది గట్లనే పోస్తున్నం. ఎవ్వలకేం గాలే," అంది. ఒక జత రబ్బరు చెప్పులు తెచ్చి కూలర్ పక్కన పెట్టింది కూడా.

ఆ ఇంట్లో వైర్లు చెక్క పట్టీల మీద పోతాయి. తొడుగు ఎండిపోయి, అక్కడక్కడా రాగి బయటపడింది. ఎర్త్ అనేదే లేదు. ఫ్యూజ్ ఊరికే పోతోందని ఎవరో ఎప్పుడో లావు తీగ చుట్టారు. మా వైపు ఇదేం వింత కాదు. ఎండాకాలం వస్తే ఎన్నో ఇళ్లల్లో కూలర్ పక్కన ఇలాంటి జత ఒకటి ఉంటుంది. చుట్టాలొస్తే మంచినీళ్లిచ్చినంత మామూలుగా, "చెప్పులేసుకోని ముట్టుండ్రి" అని చెబుతారు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం చెప్పులేసుకునే నీళ్లు పోశాను. కుడిచెయ్యి కూలర్ మీద ఉంది, ఎడమచెయ్యి ఇనుప నల్లా పైపుకు తగిలింది. అంతే, కుడిచెయ్యి అతుక్కుపోయింది. చెప్పులు కాళ్లకే అడ్డం, కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పారింది. అరుద్దామంటే గొంతు రాలేదు. మా ఆయన రాజేశం చూసి మెయిన్ స్విచ్ ఆపబట్టి బతికాను.

కరీంనగర్ ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, సెలైన్ పెట్టారు. "ఎలక్ట్రికల్ బర్న్ అమ్మా. పైకి చిన్నగ కనవడ్తది, లోపట ఎంత కాలిందో ఇప్పుడే చెప్పలేం. యూరిన్ నల్లగొస్తే సిస్టర్‌కు చెప్పు, కిడ్నీలు చూసుకోవాలె," అన్నారు డాక్టరు. కిడ్నీలు బాగానే ఉన్నాయి. కానీ కొన్నాళ్లకు కుడి చూపుడు వేలి కొస నల్లబడింది.

"గ్యాంగ్రీన్ అయింది. టిప్ తియ్యాలె."

"సార్, నేను బీడీలు చేస్త. గా వేలుతోనే మూతి మలుస్త."

"తియ్యకపోతే చెయ్యి మొత్తం పోతది," అన్నారాయన.

తీసేశారు. తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చి, మళ్లీ కుళ్లిన కండ తీసే డిబ్రైడ్‌మెంట్, తొడ చర్మం తీసి అక్కడ అతికించే గ్రాఫ్ట్. చూడొచ్చిన ప్రతి మనిషిదీ ఒకటే మాట: "చెప్పులేసుకోలేదా పిల్లా?" వైరు సంగతి ఒక్కరూ అడగలేదు. నొప్పి కంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ కాల్చింది. సుశీలమ్మ కూడా బత్తాయిలు పట్టుకొచ్చి అదే అడిగింది.

"వేసుకున్న పెద్దమ్మా. నువ్విచ్చిన చెప్పులే వేసుకున్న," అన్నాను. ఆమె బత్తాయిలు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

ఫిజియోథెరపీలో మెత్తటి బంతి పిసకమనేవారు. ఇంటికొచ్చాక ముందు కాగితం ముక్కలు చుట్టాను, తర్వాత బీడీ ఆకు. ఇప్పుడు నడిమి వేలితో మూతి మలుస్తున్నాను. పని మునుపటంత జోరుగా సాగదు. చలికాలం కుట్టు దగ్గర తిమ్మిరెక్కుతుంది.

మేం వేరే ఇంటికి మారాం. మొన్న ఎండల్లో పాత ఇంటి ముందు నుంచి వస్తుంటే తలుపు తెరిచి ఉంది. అదే కూలర్. పక్కన రెండు జతల చెప్పులు. ఒకటి పెద్దవాళ్లది, రెండోది ఐదారేళ్ల పిల్లది. లోపలికి వెళ్లి మెయిన్ ఆపేశాను. కొత్తగా అద్దెకొచ్చినామె బిత్తరపోతే నా వేలు చూపించి జరిగింది చెప్పాను. సుశీలమ్మ ఉరికొచ్చింది.

"నా ఇంట్ల నీకేం పని?"

"ఎలక్ట్రీషియన్‌ను పిలువు పెద్దమ్మా. ఆయనొచ్చేదాంక ఈడికెల్లి లేవ," అని మెయిన్ కింద కూర్చున్నాను. అద్దెకున్నామె కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. వాడకట్టు ఆడవాళ్లు పోగయ్యాక సుశీలమ్మ ఫోన్ తీసింది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. కూలర్ గానీ గోడ గానీ నల్లా గానీ జివ్వుమంటే మెయిన్ ఆపండి. వైర్లు మార్చి, ఎర్త్ వేయించేదాకా దాన్ని ముట్టకండి. ఓనరు చెప్పులు తెచ్చిస్తే మాత్రం ఆమె ముందే వాటిని వాకిట్లో పారేయండి.