జీవరాజు మాస్టారికి మిగలని మాట

జీవరాజు గారు నిడదవోలు హైస్కూలులో డ్రాయింగు మాస్టారుగా చిరకాలం పనిచేసి పదవీ విరమణ పొందినవారు. ఆ కాలమంతా ఆయన పద్ధతి ఒక్కటే. నల్లబల్లపై తాము కొబ్బరిచెట్టు వేస్తే తరగతి యావత్తూ అదే కొబ్బరిచెట్టు వేయాలి. మట్ట ఒకటి అటు తిరిగినా మార్కు పోయేది. 2006లో కడియం దారిన కొత్తగా వెలసిన ఇంటర్నేషనల్ స్కూలువారు ఆయనకు ఉద్యోగమిస్తూ, ఆ పద్ధతిని గుమ్మం బయటే విడిచి రమ్మన్నారు. ఇక్కడ ఏ బొమ్మ చేయాలో, దేనితో చేయాలో పిల్లలే ఎంచుకోవాలి. మాస్టారు సామగ్రి అమర్చి, అడిగినప్పుడు మాత్రమే సాయపడాలి. ప్రిన్సిపాల్ శాంతికుమార్ గారు దీనిని ‘చాయిస్’ అనేవారు.

జీవరాజు గారు ఆజ్ఞను అక్షరాలా పాటించే మనిషి. కిటికీ పక్కన రంగులు, మూలన మట్టి, నడుమ బల్లపై కాగితాలు, జిగురు సర్ది, ఏడో తరగతి పిల్లలు రాగానే, "ఇవాళ్టి నుంచి మీ ఇష్టం" అన్నారు.

ఒక్కరూ కదలలేదు. కొంతసేపటికి పూజిత అనే అమ్మాయి లేచి నిలబడింది.

"మేమేం తప్పు చేశామండి మాస్టారూ?"

"తప్పేంటమ్మా?"

"మా నాన్నగారు కోపమొస్తేనే ‘నీ ఇష్టం’ అంటారండి. ఇంక మాట్లాడరు."

"మా అమ్మయితే కంచం విసిరినట్టు పెడుతుందండి" అన్నాడు వెనకనుంచి పృథ్వీ.

తరగతి నవ్వింది. మాస్టారు నవ్వలేకపోయారు. ఇంట్లో భార్య జగదాంబ గారితో వాదన తెగనప్పుడు తామూ ఆ మాటే అని కండువా వేసుకుని బయటకు పోతారు. నాటినుంచి ఆ మాట మాని, ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి, "ఏం చేయాలనుందమ్మా?" అని అడగసాగారు.

పిల్లలు మెల్లగా తెగించారు. పృథ్వీ అగ్గిపెట్టెలతో గోదావరి దాటే పంటు కట్టాడు. పూజిత మట్టిని వదలలేదు. తండ్రి సత్యప్రసాద్ గారి నర్సరీ నుంచి ఎర్రమట్టి తెచ్చి, మొక్కల కవర్లలో మట్టి నింపే స్త్రీ బొమ్మ చేయనారంభించింది. మొహం చిన్నది; చేతులు చేటలంత.

చేతులు తగ్గించమనబోయి మాస్టారు తమాయించుకున్నారు. "అంత పెద్దవెందుకమ్మా?"

"మా తోటలో పనిచేసే పాపాయి పక్కన కూర్చుంటే నాకు అవే కనపడతాయండి."

ఆయన ఉద్యోగకాలమంతటిలో ఏ విద్యార్థీ అటువంటి సమాధానం ఇచ్చి ఉండలేదు.

బొమ్మ పూర్తికాకముందే తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. సత్యప్రసాద్ గారు ప్రిన్సిపాల్ గారితో కలిసి వచ్చి బొమ్మ ముందు నిలబడ్డారు.

"మన పాపాయా ఇది?"

"అవును నాన్నగారూ."

"ఇంత స్కూలు పెట్టి కవర్లకి మట్టి నింపడం నేర్పుతున్నారేంటండి మాస్టారూ? అది మా తోటలో ఊరికే నేర్పుతాం కదా."

"నేను నేర్పలేదండి. అమ్మాయే ఎంచుకుంది."

"ఓహో, ఎంచుకోవడం వచ్చిందన్నమాట." ఆయన గొంతు పెంచకుండానే కూతురి వైపు తిరిగారు. "ఈ పీరియడ్‌లోనే ఐఐటీ ఫౌండేషన్ క్లాసు పెడుతున్నారు. అందులో చేరతావో, ఇక్కడ మట్టి పిసుకుతావో, నీ ఇష్టం."

పూజిత మాస్టారి వైపు చూసింది.

ఉండమని ఆయన చెప్పవచ్చు. కాని ఆ తరువాత ఇంట్లో మౌనాన్ని భరించవలసినది ఆ పిల్ల. వెళ్లమనడానికి నోరు రాదు. రెండూ కాక మిగిలిన మాట ఒక్కటే. దానిని తండ్రి అప్పుడే వాడేశారు. జీవరాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"క్లాసుకే వెళ్తానండి" అన్నది పూజిత.

"చూశారా మాస్టారూ, ఎంత స్పష్టంగా చెప్పిందో" అని శాంతికుమార్ గారు సంతోషించారు. "చాయిస్ అంటే ఇదేనండి."

"చిత్తం" అన్నారు జీవరాజు గారు.

మరునాడు పూజిత గుమ్మం దగ్గరే ఆగింది.

"బొమ్మ ఇంకా పచ్చిగానే ఉందండి. నానబెట్టేస్తే మట్టి ఎవరికైనా పనికొస్తుంది."

"ఆరబెట్టి ఉంచనా అమ్మా?"

ఆమె బొమ్మవైపు చూడలేదు. "మీ ఇష్టమండి" అని వెళ్లిపోయింది.

ఆ మాట ఏ అర్థంలో అన్నదో ఆయనకు బోధపడలేదు. అందుచేత బొమ్మను నానబెట్టనూ లేదు, ఆరనివ్వనూ లేదు. తడిగుడ్డ కప్పి, రోజూ ఉదయం గది తెరవగానే దానిపై కాసిని నీళ్లు చల్లుతూ వచ్చారు.