ఇంటు గుర్తు పెట్టిన రేకులు

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో టీవీలో ఒక కార్యక్రమం పెడతారు. ఎక్కడో గోడౌన్లలో, గోడల పక్కన ఏళ్ల తరబడి పడి ఉన్న పాత కార్లను వెతికి పట్టుకొచ్చి, గంటసేపట్లో పెళ్లికూతురిని ముస్తాబు చేసినట్టు చేసి చూపిస్తారు. పెళ్లయిన మా మనవరాలు నా పక్కన చేరి, అది చూసినవాళ్లు ఫోన్లో రాసిన అభిప్రాయాలన్నీ నాకు పైకి చదివి వినిపిస్తుంది. రంగు బాగా కుదిరిందని ఒకాయన రాస్తే, లోపలంతా పుట్టీ మెత్తి పైన మెరుగు దిద్దారు, ఇది మరమ్మతు కాదు మొహానికి పౌడరు కొట్టడం అని ఇంకొకాయన రాస్తాడు. ఇంత ఖర్చు పాత ఇనుముకు ఎందుకని ఒకామె అడుగుతుంది, ఆమె మాటే నాకు నచ్చుతుంది. మొన్న మాత్రం వెనకవైపు గుండ్రంగా, తాబేలు వీపులా ఉండే చిన్న కారును చూపించేసరికి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నాకు చేతులు ఆడలేదు. ఇంత మంచి బండిని తుక్కు కింద పారేసినవాళ్లు అసలు మనుషులేనా అని ఎవరో రాశారట, పిల్ల నవ్వుకుంటూ చదివింది.

"నానమ్మా, నువ్వు గూడ ఒకటి చెప్పు, నేను రాస్త" అంది.

"టీవీ బంద్ జెయ్యి, ఊకె కరెంటు కాలుతుంది" అన్నాను. నేను చెప్పవలసింది ఫోన్లో రాసేంత చిన్నది కాదు.

మా ఆయన ఫలక్‌నుమాలో, రైలు స్టేషనుకు ఇవతల ఉన్న ఒక షెడ్డులో డెంటరు పని చేసేవాడు. మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో బండికి సొట్ట పడితే తలుపు తీసి పారేసి కొత్తది బిగించడమనే మాటే లేదు, ఆ రేకునే విప్పి, వెనక ఇనుపదిమ్మె ఆనించి, చెక్కసుత్తితో మెల్లమెల్లగా కొట్టి దాని రూపానికి దాన్ని తెచ్చేవాళ్లు. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ బడి మొహం చూసినవాడు కాదు గానీ, కళ్లు మూసుకుని రేకు మీద అరచెయ్యి రాస్తే బియ్యపుగింజంత సొట్ట కూడా చేతికి తెలిసేదట. ఎవరో పెద్దమనిషి మరమ్మతుకిచ్చి, తిరిగి రాకుండానే కన్నుమూస్తే, టీవీలో చూసినలాంటి తాబేలు వీపు కారు ఒకటి ఉస్తాద్ షెడ్డులో ఉండిపోయింది. వారసులు మాకొద్దన్నారు. ఉస్తాద్ మంచాన పడ్డాక మా ఆయనను పిలిపించి, దాన్ని నిలబెట్టు, ఒక్కసారి నయాపూల్ వంతెన దాటించు, అంతే చాలు అని అడిగాడు. ఈయన సరేనన్నాడు. నెల తిరక్కుండానే ఉస్తాద్ పోయాడు, కారు ఎముకలగూడులా మా అద్దె ఇంటి వాకిట్లోకి వచ్చింది.

ఆరేళ్లు. షెడ్డుకు శుక్రవారం సెలవు, ఆ రోజు పొద్దున్నే చాయ్ తాగి సుత్తి పట్టేవాడు, ఇక మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించేదాకా టకటకమని అదే చప్పుడు. బట్టలు ఆరేసే జాగా పోయిందని నేను సణిగేదాన్ని, ఇరుగుపొరుగు లొల్లి పెడుతున్నారని లేనిది కల్పించి కూడా చెప్పేదాన్ని. ఇంట్లో నాతో, పిల్లలతో లెక్కపెట్టి మాట్లాడే మనిషి, ఆ రేకులతో మాత్రం ఏదో గొణుగుతూ నవ్వుకునేవాడు. మడ్‌గార్డులు, తలుపులు, బానెట్టు ఒక్కొక్కటే గోడకు చేరేవి, వాటి మీద సుద్దముక్కతో గుర్తులుండేవి. అవేమిటని నేను ఎన్నడూ అడగలేదు.

ఆరో ఏడు వానాకాలంలో షెడ్డు పైకప్పు మీద రేకు సర్దుతూ జారిపడి ఆయన కుడిచెయ్యి విరిగింది. పెద్దాసుపత్రిలో ఇరవై రోజులు ఉంచారు. సరిగ్గా అప్పుడే ఇంటి యజమాని వచ్చి, మురుగు పోయే మోరీ పైపు వేయిస్తున్నాను, రేపటికల్లా సగం వాకిలి ఖాళీ కావాలని చెప్పి వెళ్లాడు. ఆసుపత్రికి వెళ్లి ఆయనను అడగవచ్చు. అడగలేదు. అడిగితే ఒక్కటీ కదిలించొద్దంటాడని ఒకటి, అడిగేంత అవసరం నాకేముందన్న గర్వం ఒకటి. మూడో తరగతి దాకా చదివినదాన్ని, మా గల్లీలో ఉత్తరం వస్తే నా దగ్గరికే తెచ్చేవాళ్లు. పలక మీద టిక్కు పెడితే ఒప్పు, ఇంటు పెడితే తప్పు, ఇదీ నా చదువు. ఏ వస్తువునూ వృథాగా పోనివ్వని మనిషిని కదా, అన్నీ ఒకేసారి తోలెయ్యకుండా ఓపిగ్గా ఏరాను. టిక్కు ఉన్నవి లోపలి అరుగు మీదికి చేర్చి పాత చీర కప్పాను. ఇంటు ఉన్నవన్నీ బయటికి లాగించి, పాత ఇనుము కొనే కబాడీ అతన్ని పిలిచాను.

అతను ఒక తలుపు మీద చెయ్యి పెట్టి చూసి, నా మొహం చూశాడు.

"అమ్మా, గివి మస్తు నున్నగున్నయి గదా. పక్కా ఇస్తున్నవా?"

"గుర్తు కనబడ్తలేదా భాయ్? తప్పులు గవి."

"నాకేడ చదువొస్తది తల్లీ. చేతికి తగిలింది చెప్తున్న."

"నువ్వు తూకం వెయ్యి, సర్టిఫికెట్లు ఇయ్యకు" అన్నాను. అతను తూకం వేసి, బండికెత్తుకుని పోయాడు. నేను వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ఎంత శుభ్రంగా ఉందో అని కాసేపు నిలబడి చూసుకున్నాను కూడా.

ఆయన చేతికి కట్టుతో ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే అరుగు దగ్గరికి వెళ్లి, చీర తీసి, ఎడమచేత్తో ఒక్కొక్క రేకునూ తడిమాడు.

"గివన్ని ఇంక కొట్టాల్సినయే. అయిపోయినయి ఏడున్నయి?"

తప్పులు పంపించి ఒప్పులు ఉంచానని, అంత కష్టంలోనూ బాగున్నవి ఏరి దాచానని చెప్పాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుండిపోయాడు. అప్పుడు చెప్పాడు, వాళ్ల షెడ్డులో ఇంటు అంటే దీని పని పూర్తయింది, ఇక దీని మీద సుత్తి పడొద్దని గుర్తట. టిక్కు అనుకుని నేను దాచినది టిక్కు కాదు, సొట్ట ఇక్కడుందని చూపించే కొక్కెం. ఉస్తాద్ పెట్టిన పద్ధతి.

"మా ఉస్తాద్ బడికి పోలే. పోతే గా గుర్తు పెట్టకపోతుండె" అన్నాడు.

నన్ను అన్నది అంతే. అది కూడా నన్ను అనలేదు, పోయిన ఉస్తాద్ మీద పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి చేతికి కట్టుతోనే ఉస్మాన్‌గంజ్ దాకా ఉన్న పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగాడు. నాలుగో రోజు ఒక మడ్‌గార్డు దొరికింది, కాగితం మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి ఉంది. దాన్ని ఇంటికి తేలేదు, చూసి వచ్చానని మాత్రం చెప్పాడు. చెయ్యి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. షెడ్డుకు పోయి జీతం పని చేస్తూనే ఉన్నాడు, ఇంట్లో మాత్రం మళ్లీ సుత్తి ముట్టుకోలేదు. ఆ చలికాలంలో తనే కబాడీని పిలిచి మిగిలిన గూడును కూడా తోలించేశాడు. శుక్రవారాలు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, నేనే గిన్నెలు చప్పుడు చేసుకుంటూ తోముకునేదాన్ని.

తిట్టి ఉంటే బాగుండేది. నాకు తిట్లు పడడం వచ్చు, తిరిగి అనడం వచ్చు, అంతటితో తీరిపోయేది. ఆయన తిట్టలేదు, నేను తప్పయిందని అనలేదు. అనాలని గొంతుదాకా వచ్చిన ప్రతిసారీ, ఉప్పు ఎక్కువైందనో, పంపు కట్టెయ్యలేదనో పిల్లల మీద అరిచేదాన్ని.

ఇప్పటి పిల్లలు వేరు. కాలు తగిలితే సారీ, చాయ్ చల్లారితే సారీ, మా మనవరాలు రోజుకు పదిసార్లు అంటుంది, దాని మొగుడు దానికి అంతకన్నా ఎక్కువసార్లు చెబుతాడు. ఊరికే మాటలు పారబోసుకుంటున్నారని మొదట్లో విసుక్కునేదాన్ని. మా కాలంలో ఆలుమగల మధ్య ఆ మాట వాడుకలో లేదనుకునేదాన్ని, ఏమో, మిగతా ఇళ్లలో ఉండేదేమో కూడా. నాకు ఆ మాట అనడానికి, ఆయన పోయేలోపు, ఇరవై రెండేళ్లు వ్యవధి దొరికింది. రోజూ రెండు పూటలా ఆయన నా ఎదురుగా కూర్చుని, ఆ వంకర చేత్తోనే కలుపుకుని తిన్నాడు. నేను ఇంకొంచెం పెట్టనా అని అడిగేదాన్ని, చాలనేవాడు.