డిస్కు పెట్టే సందు

ఆ రోజుల్లో, అంటే శ్రీ సిటీలో ఉద్యోగానికి చేరిన కొత్తలో, ఏ యంత్రమైనా నా మాట వింటుందని నాకు గట్టి నమ్మకం. మెడలో కంపెనీ బిళ్ల వేలాడుతుంటే అలాంటి నమ్మకాలు వాటంతటవే పుడతాయి. కంపెనీలో మాత్రం నన్ను 'మైకు' అని పిలిచేవారు. నగరిలో మరమగ్గాల ఇంట్లో, ఆ మోతలోనే మాటలు నేర్చినవాణ్ణి కదా, మెల్లగా మాట్లాడడం నాకు చేతకాదు. "నేను సెవిటోణ్ణి కాదప్పా, ఈడనే ఉండాను" అని మా సూపర్‌వైజరు మొత్తుకునేవాడు. (మాట్లాడేవాళ్ల కళ్లలోకి కాకుండా నోటి వంకే చూస్తానని ఇంకో ఫిర్యాదు. అది ఎన్ని అపార్థాలకు దారితీసిందో చెప్పుకుంటే సిగ్గు.)

అమ్మ పోయి అప్పటికి సంవత్సరీకం కూడా కాలేదు. నాయన తిన్నాడో లేదో అడిగే మనిషి ఇంట్లో లేకుండా పోయింది. నేను అడిగితే తల ఊపి మళ్లీ మగ్గం వేసుకునేవాడు. ఒకరోజు బీరువాలోంచి అక్క పెళ్లి డిస్కు తీసి, పంచెతో తుడిచి నా ముందు పెట్టాడు. "దీన్ని సూడాలప్పా. పాత పెట్టె సెడిపోయిండాది. ఇంగోటి తెచ్చిపెట్టు" అన్నాడు. గోడమీది ఫోటోలో అమ్మ ఎవరో అధికారిణిలా బిగుసుకుపోయి ఉంటుంది. అమ్మ కదిలేది ఆ డిస్కులో మాత్రమే.

నేను తిరుపతి వెళ్లి, నెట్టులోంచి సినిమాలు చూపించే బొటనవేలంత పుల్ల ఒకటి తెచ్చి టీవీ వెనక గుచ్చాను. లోకంలోని సినిమాలన్నీ ఇందులోనే ఉన్నాయని ఉపన్యాసం కూడా ఇచ్చాను. నాయన దాన్ని ఊడబెరికి, మగ్గం నాడెను చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు.

"డిస్కు పెట్టే సందు యాడ?"

"సందు ఉండదు నాయనా. అన్నీ గాల్లోనే వస్తాయి."

"మీ యమ్మ కూడా వస్తాదా?"

మళ్లీ తిరుపతి బస్సెక్కాను.

"డిస్కూ తిరగల్ల, నెట్టూ రావల్ల, ఒక్క రిమోటుతోనే పని జరిగిపోవల్ల" అని అంగడి అంగడికీ చెప్పుకున్నాను. "డిస్కులు ఇంగ యాడుండాయప్పా?" అని జాలిపడ్డవాళ్లే అందరూ. చివరికి ఒకాయన అటక ఎక్కి, దుమ్ము దులిపి ఒక నల్లడబ్బా దించాడు. అంతటితో ఇంటికి పోవలసింది. పోలేదు. మగ్గాల మోతకు నాయన చెవులు సగం పోయాయి. అమ్మ గొంతు ఆయనకు స్పష్టంగా వినబడాలని నా పట్టుదల. నిలువెత్తు స్పీకరొకటి ఏరుకున్నాను. "ఇది ఇంటికా, తిరణాలకా?" అన్నాడు అంగడాయన.

నాయన మగ్గం ఆపి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. డిస్కు తిరిగింది. అమ్మ వచ్చింది. గొంతు మాత్రం రాలేదు. వీడియో తీసిన మహానుభావుడు పెళ్లంతా సినిమా పాటలు అతికించి పెట్టాడు. అమ్మ నోరు తెరిచినప్పుడల్లా ఎవరో గాయని అందుకుంటోంది. నా స్పీకరు దెబ్బకు గోడమీద అమ్మ ఫోటో గడగడా వణికింది. ఇంత తిరిగీ అమ్మ గొంతు తేలేకపోయానని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"దీంట్లో అమ్మ మాట లేదు నాయనా" అన్నాను.

"ముందు ఆ పాట ఆపు. మాట యాల లేదు? ఉండాది, సూడు."

శబ్దం తీసేశాను. అప్పుడు గుర్తొచ్చింది. మరమగ్గాల ఇళ్లలో ఎవరూ ఎవరి మాటా వినరు, పెదాలు చూసి తెలుసుకుంటారు. మా అమ్మానాయనల కాపురమంతా అలాగే గడిచింది. అదే ఇంట్లో పుట్టి, ఊళ్లో వాళ్లందరి నోళ్లూ చూస్తూ తిరిగిన నాకు ఆ సంగతి తట్టనే లేదు. తెరమీద తలంబ్రాల సందడి. ఆ గుంపులోంచి అమ్మ పందిరి ఇటు చివరనున్న నాయన వైపు తిరిగి పెదాలు కదిపింది. నేనూ చదివాను.

"ఇదో, అన్నం తింటివా?"

నాయన నవ్వాడు. "తింటి లే మే" అని, చప్పుడు లేకుండా, పెదాలతోనే బదులు చెప్పాడు. ఆ పొద్దు నేను పెట్టిన కంచం ఆయన ముట్టలేదని నాకు తెలుసు.

ఇప్పుడు నాయనా లేడు. ఆ నల్లడబ్బా తిరుపతిలో మా ఇంట్లో ఉంది. నెట్టు రావడం ఎప్పుడో మానేసింది గానీ డిస్కు తిరుగుతుంది. నిలువెత్తు స్పీకరును పసిబిడ్డలా ఒళ్లో పడుకోబెట్టుకుని బస్సులో నగరికి పోయిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడప్పుడు డిస్కు పెట్టి శబ్దం తీసేస్తాను. అమ్మ అడుగుతుంది. నాయన కెమెరాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు, అందుకని ఆయన ఆ రోజు ఏం చెప్పాడో కనబడదు. ఆయన బదులు నేనే చెబుతాను, కాస్త గట్టిగానే.