సుత్తి మామ పుల్లర్ పట్టిన రోజు

ఆయన్ని వీధిలో అందరూ సుత్తి మామ అంటారు. తన చేతిపని చూసే ఆ పేరు పెట్టారని ఆయన నమ్మకం. బస్సు డిపోలో హెడ్ మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషికి, మొండికేసిన ఇనుమునల్లా సుత్తితో దారికి తెచ్చిన మనిషికి, ఆ పేరు కాక ఇంకేం వస్తుంది అంటాడు. వీధి లెక్క వేరు. గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆయన డిపో కథలు ఎత్తుకున్నాడంటే వినేవాడి చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. పాలు పోసే అతను సైకిలు దిగకుండానే పాలు కొలిచిపోయే విద్య ఈ ఇంటి ముందే నేర్చుకున్నాడు. ఈ రెండో అర్థం మామకి తెలియదని వీధంతా అనుకుంటుంది. తెలిసే ఊరుకుంటున్నాడని ఆయన భార్యకి తెలుసు.

అలాగని ఆయన చెప్పేవి కోతలు కావు. ఊరి బడిలో చదివిన నాలుగు ముక్కలతో డిపో గేటు దాటి, గ్రీజు డబ్బాలు మోసే దగ్గర మొదలుపెట్టి, తను సంతకం పెడితే గానీ బస్సు బయటికి కదలని దాకా ఎదిగాడు. వరద నీళ్ళలో మునిగిన బస్సుల్ని విప్పి, ఆరబెట్టి, మళ్ళీ రోడ్డెక్కించాడు. ఆయన చూసి పంపిన బండికి బ్రేకు పడలేదన్న మాట ఏ డ్రైవరు నోటా రాలేదు. డిపో వాళ్ళిచ్చిన ఇత్తడి షీల్డు ముందుగదిలో ఉంది, కొత్తగా వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతుండగానే కనిపించే చోట.

అలాంటి మనిషికి కళ్ళ డాక్టరు ఒక్క మాటతో గాలి తీసేశాడు. రెండు కళ్ళకీ దూరపు చూపు బాగా తగ్గింది, ఇక కారు నడపొద్దు అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి మామ షీల్డుకేసి కూడా చూడలేదు. ఇంట్లో ఒక పాత కారుంది, సొంతంగా బాగుచేసుకుంటూ ఇన్నేళ్ళు లాక్కొచ్చింది. అమ్మేద్దాం అన్నాడు. దానికి భార్య ఒప్పుకోలేదు. ఎందుకు అమ్మడం, నేను నేర్చుకుంటాను అంది.

ఆవిడ టైలరు. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని వీధిలో సగం మంది ఒంటి కొలతలు కాగితం చూడకుండా చెప్పగలదు. పెళ్ళయిన నాటి నుంచి ఊరికి ఆ చివరున్న అక్కగారింటికి వెళ్ళాలంటే ఈయన డ్యూటీ చూసుకుని, మూడ్ చూసుకుని, ఇంట్లోంచి కదిలేదాకా గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ అక్కకి మోకాళ్ళు పట్టేసి ఇల్లు కదలలేకపోతోంది. నాకు అక్కని చూడాలనిపించిన రోజు చూడాలి, అంతే అని చెప్పింది ఆవిడ. ఆ వయసులో ఎవరైనా స్టీరింగు పడతారా అని వీధి నవ్వింది గానీ మామ నవ్వలేదు. పక్క సీట్లో కూర్చుని, డిపోలో కొత్త డ్రైవర్లకి చెప్పినట్టే ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. మొదటి పాఠం ఒకటే. బండి దిగావా, హ్యాండ్ బ్రేకు లాగు. ఫోను మోగిందని దిగినా సరే, కాయగూరల బండి దగ్గర అర నిమిషం దిగినా సరే. ఆవిడ ఆ పాఠాన్ని గుడ్డకి కుట్టు వేసినంత గట్టిగా వేసుకుంది.

లైసెన్సు పరీక్షకి వెళ్ళింది. అంతా బాగానే చేసి, ఆఖర్న గీత దగ్గర ఆగాల్సిన చోట ఆగలేదు. బ్రేకు నొక్కితే పెడలు కాలి కింద వణికిందట. భయపడి కాలు తీసేసింది, బండి గీత దాటింది. మామ మొదట అదంతా నీ కంగారే అన్నాడు. ఆవిడ ఊరుకుంటుందా.

"మిషను తొక్కి తొక్కి అరిగిన కాలండీ ఇది. బెల్టు కాస్త వదులైనా దీనికి తెలుస్తుంది. పెడలు వణికిందంటే వణికింది."

మర్నాడు మామే నడిపి చూద్దామనుకుని, డాక్టరు మాట గుర్తొచ్చి ఆగి, ఆవిడ నడుపుతుండగా పక్కన కూర్చుని కాళ్ళు నేలకి ఆనించి చూశాడు. వణుకుతోంది. చక్రం వెనక తిరిగే బ్రేకు డిస్కులు వంకర పోయాయని ఆయనకి ఇట్టే తెలిసిపోయింది. తన ఇంటి బండికే బ్రేకు బాగాలేదన్న సంగతి ఎన్నాళ్ళుగా తన కాలికి అందలేదో తల్చుకుంటే సిగ్గనిపించింది. నాలుగు చక్రాలకీ కొత్త డిస్కులు తెచ్చాడు. మళ్ళీ పరీక్షకి తేదీ వచ్చింది. ఈసారి కూడా ఈ బండి వల్ల పరీక్ష పోతే ఆ ఆఫీసు గడప ఇక తొక్కను, కారు అమ్ముకోండి అని ఆవిడ తేల్చేసింది. ఆవిడ అన్నదంటే అన్నట్టే.

పరీక్షకి ముందు రోజు పొద్దున్నే మామ ఇంటి పక్క షెడ్డులో బండి ముందు భాగాన్ని జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, చక్రాలు విప్పాడు. బ్రేకు ప్యాడ్లు పట్టుకునే క్యాలిపర్ ఊడదీసి తీగతో పైకి కట్టాడు. ఇక డిస్కు రావాలి. రాలేదు. ఏళ్ళ తరబడి నీళ్ళలో, బురదలో తిరిగి, దాని వెనకున్న, చక్రాన్ని మోసే హబ్‌కి తుప్పుతో అతుక్కుపోయింది. మామ సుత్తి తీశాడు. కొట్టాడు. ఇంట్లో గిన్నెలు అదిరాయి గానీ డిస్కు ఉలకలేదు, పలకలేదు. ఇంకో నాలుగు వేసేసరికి ఆయన భుజమే లబోదిబోమంది.

ఆ మోతకి పక్కషాపులో మోటార్లు వైండింగు చేసే ఆవిడ చేతిలో రాగి తీగతోనే వచ్చి నిలబడింది. మామ దంపతుల్ని బాబాయ్, పిన్నీ అంటుంది, వాళ్ళ కళ్ళ ముందు పెరిగిన మనిషి. అలా కొడితే లోపల బేరింగు పాడవుతుంది కదా బాబాయ్ అంది. నాకు చెబుతున్నావా, అని మామ వరద బస్సుల కథ మొదలుపెట్టబోయాడు. ఆవిడ ఆ కథ పూర్తిగా విన్నవాళ్ళలో ఒకతె, మళ్ళీ వినే ఉద్దేశం లేక గబగబా వెళ్ళి తన షాపులోంచి పెద్ద పుల్లర్ తెచ్చింది. పంపు మోటార్ల బేరింగులు ఊడలాగడానికి వాడేది, మూడు కాళ్ళది.

"సుత్తి మామ చేతికి పుల్లరా," అన్నాడు ఆయన, అది తన మీద ఎవరో వేసిన నింద అన్నట్టు.

"సుత్తి మీ దగ్గరే ఉంచండి. నోట్లో ఉన్నది కూడా," అంది భార్య షెడ్డు గుమ్మంలోంచి. వైండింగావిడ రాగి తీగ వంక చూస్తూ నవ్వాపుకుంది.

డిపోలో పుల్లర్ లేక కాదు. అది ఓపిక లేనివాళ్ళ పనిముట్టు అని ఆయన వాదన. నిజానికి ఓపిక కావలసింది దానికే. తుప్పు వదిలే నూనె అంచు చుట్టూ చల్లి నాననిచ్చారు. పుల్లర్ కాళ్ళు మూడూ డిస్కు వెనక అంచుకి సమంగా తగిలించారు. నడిమి బోల్టు మొన హబ్‌ని గాటు పెట్టకుండా మధ్యలో ఒక ఇనప బిళ్ళ పెట్టారు. డిస్కు ఒక్కసారిగా ఊడి కాలి మీద పడకుండా చక్రం నట్టు ఒకటి వదులుగా ఎక్కించి ఉంచమంది వైండింగావిడ. ఆ మాట నేను చెప్పబోతున్నదే అన్నాడు మామ. పానాతో బోల్టు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోయాడు. బిగువు తెలిశాక ఆపి, బోల్టు తల మీద సుత్తితో చిన్నగా ఒకటి వేశాడు. టక్కుమని తుప్పు పెళ్ళలు రాలి డిస్కు కాస్త ముందుకొచ్చి నట్టుకి ఆనుకుంది. మామ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని పసిపిల్లని చూపించినట్టు భార్యకి చూపించాడు. చివరి దెబ్బ సుత్తిదే అని చెప్పడం మాత్రం మర్చిపోలేదు.

రెండోదీ అలాగే వచ్చింది. హబ్ ముఖాన్ని ఇనప బ్రష్‌తో రుద్ది, కొత్త డిస్కులు వేసి, ముందు చక్రాలు బిగించి, మధ్యాహ్నం భోజనం అయ్యాక వెనక భాగం లేపారు. ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, బండిని గేరులో ఉంచి, మామ స్వయంగా హ్యాండ్ బ్రేకు దించాడు. ఈ కారుకి వెనక డిస్కు గిన్నెలా లోతుగా ఉంటుంది, హ్యాండ్ బ్రేకు లాగితే ఆ గిన్నె లోపలున్న దిమ్మలు విచ్చుకుని దాన్ని పట్టేస్తాయి. అందుకని దించాలి. అది ఆయనకి వేరే చెప్పాలా.

ఎడమవైపుది చక్కగా వచ్చేసింది. కుడివైపుకి మారేముందు టీ తాగడానికి లోపలికెళ్ళాడు. తిరిగొచ్చి పుల్లర్ తగిలించి బిగించాడు. రాలేదు. నూనె చల్లి బిగించాడు. బెల్లం కొట్టిన రాయిలా అలాగే ఉంది. పానాకి పైపు ముక్క తొడిగి బరువంతా వేశాడు. పుల్లర్ కాలు ఒకటి జారి డిస్కు అంచు చిట్లింది. వైండింగావిడ ముఖం మారింది, ఇంకా లాగితే నా పుల్లరైనా విరుగుతుంది, మీ హబ్బైనా పోతుంది అంది. మామ చెమట తుడుచుకుని, వరదలో బస్సుల దగ్గర్నుంచి ఇత్తడి షీల్డు దాకా గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెట్టాడు. పని సాగకపోతే ఆయన నోరు సాగుతుంది, అది ఇంట్లో అందరికీ తెలిసిన గుర్తే. షెడ్డులోకి వచ్చే ఎండ గోడ మీదికి పాకింది. ఈ డిస్కు రాకపోతే రేపు పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఇక ఎప్పటికీ లేదు. భార్య గుమ్మంలో నిలబడి చీర కొంగు కొస మడుస్తూ విప్పుతూ ఉంది. ఆవిడ తిట్టినా బాగుండేది అనిపించింది మామకి.

మళ్ళీ పైపు మీద చెయ్యి వేసి, ఇంత బలంగా లాగితే బండి స్టాండు మీద నుంచి కదులుతుందేమో అని గొణిగాడు.

"ఏం కదలదు లెండి," అంది భార్య ధైర్యం చెబుతున్నట్టు. "ఇందాక మీరు టీ తాగుతుంటే కళ్ళజోడు కోసం బండెక్కాను. దిగేటప్పుడు హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగే దిగాను."

వైండింగావిడ చటుక్కున అటు తిరిగి గోడ మీద ఏదో చూస్తున్నట్టు నిలబడింది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. డిపోలో ఇలాంటి పనికి మామ మనుషుల్ని ఏడిపించిన రోజులున్నాయి. ఆయన భార్య ముఖంకేసి చూశాడు. పాఠం అప్పజెప్పిన బడిపిల్ల ముఖంలా ఉంది అది. ఒక్క వెక్కిరింపు మాట పడిందా, రేపు ఆ సీట్లో కూర్చునే మనిషి చెయ్యి వణుకుతుంది. పెడలు బాగుచేసి చెయ్యి పాడుచేసినట్టు అవుతుంది.

"మంచిపని చేశావు," అన్నాడు. "దిగితే లాగాలి, అంతే. పని మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సింది నేను. ఇప్పుడు వెళ్ళి దించిరా."

ఆవిడ వెళ్ళి దించింది. మామ పుల్లర్‌ని మొదట్నుంచీ సరిచేసి, పైపు లేకుండా ఉత్త పానాతో రెండు చుట్లు తిప్పేసరికి డిస్కు ఒడిలోకి వచ్చింది. ఆవిడ దానికేసీ, లోపలున్న దిమ్మలకేసీ, ఆయనకేసీ ఒకదాని తరవాత ఒకటి చూసింది. గుడ్డ ముక్క చూస్తే చొక్కా మొత్తం తెలిసిపోయే మనిషి. లోపలికెళ్ళి చల్లని మజ్జిగ తెచ్చి, వైండింగావిడకి ఇచ్చాక, ఆయన గ్లాసు తనే నోటికి అందించింది, చేతులు నూనెగా ఉన్నాయని.

మర్నాడు లైసెన్సు ఆఫీసు కంచె బయట మామ కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్నవాళ్ళకి డిపో కథ చెప్పడానికి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. ఆ మసక చూపుతో ఆయనకి బండి రంగు తప్ప ఏమీ సరిగా కనిపించలేదు. ఆ రంగు కదిలింది, తిరిగింది, గీత దగ్గర ఆగింది. ఆగే ఉంది. పరీక్ష చేసే ఆఫీసరు తలూపాడని పక్కనెవరో చెప్పారు.

ఆవిడ బయటికొచ్చి, ప్యాసయ్యాను అని కూడా చెప్పకుండా, ఎక్కండి, అక్క ఎదురుచూస్తోంది అంది. మామ అలవాటు కొద్దీ డ్రైవరు వైపు నాలుగడుగులు వేసి, ఆగి, చుట్టు తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఊరి మధ్య రద్దీలో ముందు పోయే బస్సు సడన్‌గా ఆగింది. బస్సు ఇంకా దూరంగా ఉండగానే మామ కుడికాలు తనంతట తనే ఉత్త నేలని గట్టిగా తొక్కేసింది. కారు మెత్తగా, వణుకు లేకుండా, బస్సు వెనక బోలెడు జాగా వదిలి ఆగింది.

"కాలు తియ్యండి," అంది ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే. "బ్రేకు నా దగ్గరుంది."

మామ కాలు తీశాడు. బస్సు కదిలాక, కంటికి ఆ బస్సు డిపో పేరు ఆనకపోయినా, దాని చప్పుడు బట్టి సైలెన్సరు వదులైంది అన్నాడు. ఆవిడ ఊఁ అంది. అక్కగారి ఇల్లు వచ్చేదాకా ఆయన సైలెన్సర్ల గురించి చెబుతూనే ఉన్నాడు, ఆవిడ గేర్లు మారుస్తూ ఊఁ కొడుతూనే ఉంది.