మూడుసార్లు కడిగిన బాటిల్

ఆఫీసులో అతన్ని అందరూ కడుగుళ్ళాయన అనేవారు. చెరువులు, మురుగు కాలవలు, ఫ్యాక్టరీ గోడల వెనక గుంటలు, చెత్త దిబ్బల పక్క బోర్లు, ఎక్కడి నీళ్ళు పరీక్షకు తేవాలన్నా జీపు వెనక సీట్లో ఐసు పెట్టెనూ బాటిళ్ళ పెట్టెనూ ఒళ్ళో పిల్లల్లా పట్టుకుని పోయేవాడు అతనే. ఇరవై మూడేళ్ళ ఉద్యోగం. బాటిల్ మూత తీసి, పట్టబోయే నీళ్ళే కాసిని పోసి, గిలకరించి పారబోయాలి. అలా మూడుసార్లు చేసి నాలుగోసారి నింపాలి. కొత్తగా చేరినప్పుడు ఒక పెద్దాయన నేర్పిన పద్ధతి అది.

"రెండుసార్లు కడిగితే కొంపలేమన్నా మునుగుతాయా? ఎండ మాడ్చేస్తోంది" అని డ్రైవర్ విసుక్కునేవాడు.

"నీకేం, స్టీరింగ్ తిప్పుకుని పోతావు. రేపు కాగితం మీద తప్పొస్తే నా మొహాన కొడతారు" అనేవాడు కడుగుళ్ళాయన.

ఇంట్లోనూ అదే వరస. మంచినీళ్ళ గ్లాసు మూడుసార్లు తొలవనిదే పెదవికి ఆనించడు. "ఆదమరిచి కూచుంటే నన్నూ మూడుసార్లు కడిగి ఆరేస్తాడు" అని భార్య వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వేది.

అలాంటి మనిషి చేతిలో పొరపాటు జరిగిందంటే ఎవరూ నమ్మరు. కానీ జరిగింది. ఆరేళ్ళు జరిగింది. పైగా ఆ కడగడంలోనే జరిగింది.

నీళ్ళలో సీసం ఉందో లేదో తేల్చాలంటే బాటిల్‌లో కాస్త యాసిడ్ ఉండాలి. లేకపోతే ఆ సీసం మెల్లగా బాటిల్ గోడలకు అంటుకుపోయి, ల్యాబ్‌కు చేరేసరికి నీళ్ళలో తక్కువగా కనిపిస్తుంది. మొదట్లో నీళ్ళు నింపాక ఆ చుక్కలు వేసేది కడుగుళ్ళాయనే. ఆరేళ్ళ కిందట ఆ పద్ధతి మార్చి, ల్యాబ్‌లోనే ఎర్రమూత బాటిళ్ళలో ముందుగా వేసి పంపడం మొదలుపెట్టారు. సర్క్యులర్ వచ్చింది. వచ్చి ఎవరి సొరుగులోనో పడుకుంది. అతని దాకా చేరింది ఒక్క ముక్క: "ఇకనుంచి నువ్వు యాసిడ్ వేయక్కర్లేదు." ఎర్రమూత బాటిల్ అడుగున తడి కనిపిస్తే, ఆరబెట్టడం కూడా చేతకాని వెధవలని తిట్టుకుని, మూడుసార్లు కడిగి పారబోశాడు. ఆ యాసిడ్ తగిలి వేళ్ళ మీద పసుపుపచ్చ మచ్చలు పడితే అవి చెత్త దిబ్బల మురికి పెట్టినవనుకున్నాడు.

ఊరి బయట చెత్త దిబ్బ ఒకటుంది. ఆ దిబ్బ మీద సీసం కోసం పాత బ్యాటరీలు పగలగొట్టేవాళ్ళు. చుట్టూ అయిదు బోర్లు. నెలకోసారి వాటి నీళ్ళు పట్టుకురావాలి. నాలుగో బోరు ఉన్నది అతని చెల్లెలి వీధి మొగలో. ఆ వీధి కుళాయిలన్నిటికీ నీళ్ళు దానివే.

అయిదేళ్ళ కిందట ఆ వీధిలో ఇంటిస్థలం కొనేముందు చెల్లెలు అడిగింది. "దిబ్బ దగ్గర కదా అన్నయ్యా, నీళ్ళు ఎలా ఉంటాయో."

"నెలనెలా నేను పట్టే నీళ్ళేనే. రిపోర్టులు నా కళ్ళతో చూస్తున్నా. నాదీ పూచీ" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతనికి కాస్త గర్వంగా కూడా ఉంది.

ఆ ఇంట్లోనే చెల్లెలి మనవరాలు పుట్టింది. కొడుకూ కోడలూ పనికి పోతే పిల్లను చూసుకునేది చెల్లెలే. నాలుగేళ్ళు నిండినా పిల్లకు పట్టుమని పది మాటలు రావు. ఊరికే కడుపు పట్టుకుని మూలన కూచుంటుంది. డాక్టరు, కొందరికి ఆలస్యమవుతుందిలే అన్నాడు. "మా నాన్నకూ అంతే, ఏడాదికో మాట. దీనికి ముత్తాత పోలిక వచ్చింది" అని కడుగుళ్ళాయన తేలిగ్గా తీసేశాడు. నాలుగో బోరు దగ్గర పని అయ్యాక ఆ ఇంటికి పోవడం, పిల్ల గ్లాసు పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తడం, తాతను చూసి నేర్చుకుని మూడుసార్లు తొలిచి నీళ్ళు తెచ్చివ్వడం, ఇదీ నెలనెలా జరిగే తంతు. గుక్క తిప్పుకోకుండా తాగేసేవాడు.

ఇలా ఉండగా ల్యాబ్‌లో కొత్త కెమిస్టు చేరింది. పాతాయనలా కుర్చీకి అతుక్కుపోయే రకం కాదు. వచ్చిన ప్రతి బాటిల్‌లోనూ యాసిడ్ ఉందో లేదో తెలిపే రంగు కాగితం ముంచి చూసేది. మూడోరోజున ఎర్రమూత బాటిల్ పట్టుకుని అతని దగ్గరకొచ్చింది.

"బాబాయ్ గారూ, ఇందులో యాసిడ్ లేదేంటి? నేనే వేసి పంపాను కదా."

"నువ్వు వేశావా? అడుగున తడి ఉంటే నేను కడిగేశానమ్మా. ఎప్పుడూ కడుగుతానుగా."

ఆమె మొహం చూసి అతనికి సంగతి అర్థమైంది. "ఎప్పటినుంచి?" అని ఆమె అడగలేదు. అతనే చెప్పాడు.

విషయం ఆఫీసరు దాకా వెళ్ళింది. ఆయన తలుపు దగ్గరికి వేసి అన్నాడు: "ఇకమీద కడక్కు. అంతే. పాతవి తవ్వావంటే నీతోపాటు సంతకాలు పెట్టిన మా అందరికీ మసి అంటుతుంది. ఆ వీధివాళ్ళు ఊరుకుంటారా?"

"మా చెల్లెలు కూడా ఆ వీధిలోనే ఉందండీ."

ఆఫీసరు ఫైలు తెరిచి చదువుతున్నట్టు నటించాడు.

మర్నాడు కడుగుళ్ళాయన నాలుగో బోరు దగ్గర ఎర్రమూత బాటిల్‌ను జీవితంలో మొదటిసారి కడగకుండా నింపాడు. అలవాటుపడిన చెయ్యి రెండుసార్లు వంచబోయి ఆగింది. ఆ రోజు చెల్లెలింటికి పోకుండా తేలు కుట్టిన దొంగలా జీపెక్కాడు. ఫలితం రావడానికి పదిరోజులు పట్టింది. ఆ పదిరోజులూ అతనికి నిద్ర లేదు, తిండి లేదు. చెల్లెలికి ఫోన్ చేసి తాగొద్దని చెబుదామని తీసేవాడు, తేలాక చెబుదాంలే అని పెట్టేసేవాడు. ఆరేళ్ళ పొరపాటు తెలియక చేసింది, సరే. ఈ పదిరోజుల పిరికితనానికి మాత్రం ఏ సర్క్యులరూ సాకు కాదని అతనికీ తెలుసు.

సీసం ఉండదగ్గ దానికి ఏడింతలుంది.

"పిల్ల సంగతి దీనివల్లేనా అమ్మా?" అని అడిగాడు కెమిస్టును.

"రక్తం పరీక్ష చేయిస్తేగానీ ఎవరూ చెప్పలేరు బాబాయ్ గారూ. ముందు ఆ నీళ్ళు మాన్పించండి."

తన నోట్‌బుక్ చూసి ఆరేళ్ళ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి, జరిగింది జరిగినట్టు రాసి, కింద సంతకం చేసి ఆఫీసరు బల్లమీద పెట్టాడు. ఆయన ఏమన్నాడో వినడానికి నిలబడలేదు. బస్సెక్కి చెల్లెలింటికి వెళ్ళాడు.

గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో పిల్ల గ్లాసు పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తింది. ఒకసారి తొలిచింది. రెండోసారి తొలిచింది. అతను వెళ్ళి చేతిలోంచి గ్లాసు లాక్కున్నాడు. పిల్ల బిక్కమొహం వేసింది.

"అదేంటన్నయ్యా, దాని మీదా విసుగు?" చెల్లెలు వంటింట్లోంచి వచ్చింది.

అక్కడే, చెప్పులతోనే నిలబడి చెప్పాడు. బాటిల్ సంగతి, యాసిడ్ సంగతి, ఏడింతల సంగతి. చెల్లెలు కేకలేస్తుందని, కంచే చేను మేసిందని శాపనార్థాలు పెడుతుందని అతను ఎదురుచూశాడు. అలా తిట్టినా బాగుండేది. ఆమె పిల్లను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. ఉన్నట్టుండి ఆమె మొహంలో ఆశ కనిపించింది.

"నేను పచ్చినీళ్ళు ఎప్పుడూ పట్టలేదన్నయ్యా. పుట్టినప్పటినుంచీ మరిగించే పోశాను. సగమయ్యేదాకా మరిగిస్తాను. మరిగిస్తే పోతుంది కదా?"

ఔనని చెప్పడం ఎంత తేలికో అతనికి తెలుసు. అయిదేళ్ళుగా ఆ ఇంట్లో చెబుతున్నది అదే.

"పోదమ్మా" అన్నాడు. "నీళ్ళు ఇగిరేకొద్దీ సీసం చిక్కబడుతుంది."

పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. చెల్లెలు వెళ్ళి పొయ్యి కట్టేసింది. గిన్నె గుడ్డతో పట్టుకుని పెరట్లోకి పోయి పారబోసింది. ఖాళీ గిన్నెతో అలవాటుగా కుళాయి దాకా నడిచి, దాన్ని తిప్పబోయి, చెయ్యి దానిమీదే ఉంచి నిలబడిపోయింది.