ఒడ్డు మీద ఏడ్చిన పిల్లను నేనే

మొన్న ఒక ఆదివారం పొద్దున మా తమ్ముడి కూతురు గద్వాలలోని మా ఇంటికి వచ్చి, వసారాలో కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక చేత్తో ఉగ్గాని తింటూనే రెండో చేత్తో తన సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయానికి పంపేసింది. నేను చూస్తుండగానే తెర మీద ఒక పచ్చగీత ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది, అంతే, అయిపోయింది. గట్టి అట్టలు లేవు, వాటి మీద బంగారు అక్షరాలు లేవు, సంతకం కోసం ఎవరి గుమ్మం ముందో చెప్పులు విప్పి నిలబడే పని అసలే లేదు. నాకు సంతోషమే అయింది, కాదనను. కానీ ఆ పిల్ల ఊరుకోకుండా, నీ గ్రంథం కూడా ఇందులో ఉంటుందత్తా, చూపిస్తా ఉండు అంటూ విశ్వవిద్యాలయం వారి ఎలక్ట్రానిక్ గ్రంథాలయంలో పాలమూరు నాటు పాటలు అని కొట్టింది. ఒకే ఒక్క గ్రంథం వచ్చింది. అది నాది కాదు, మా గైడు మేనల్లుడిది. ఆ పేరు కనబడగానే, ఇన్నేళ్ల తర్వాత కూడా, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నా ఈడు వాళ్లకు ఆ కాలం గుర్తుండే ఉంటుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు, సీడీ అంటే అదేదో గొప్ప వస్తువు అనుకుని గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకునే రోజులు. నేను అప్పుడు గద్వాలలో జూనియర్ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా టేపు రికార్డరు భుజాన వేసుకుని ధరూర్ నుంచి తెలకపల్లి దాకా, అక్కడి నుంచి లింగాల దాకా షేర్ ఆటోల్లో తిరుగుతూ, వరినాట్లు వేసే ఆడవాళ్ల పాటలు సేకరించేదాన్ని. పీహెచ్‌డీకి నేను ఎంచుకున్న విషయం అదే. ఎంచుకున్నాను అనడం కూడా తప్పే, ఆ పాటల మధ్యనే పుట్టాను. మా అమ్మ కూలికి పోయేది. ధరూర్ పక్క పల్లెలో ఉండే మా మేనత్త నాట్ల గుంపులో పాట ఎత్తేది, ఆమె గొంతు లేస్తే గాని మిగతా వాళ్ల నడుములు వంగేవి కావు.

ఆమె కట్టిన పాటల్లో ఒకదానిలో ఒక చరణం ఉంది. నేను పాలు తాగే వయసులో ఉన్నప్పుడు మా అమ్మ నన్ను పొలం ఒడ్డు మీద గొడుగు కింద పడుకోబెట్టి మడిలోకి దిగిందట. నేను గుక్కపట్టి ఏడుస్తుంటే, వరస పూర్తయ్యేదాకా గట్టెక్కడానికి వీల్లేదని ఆసామి కసిరాడట. అప్పుడు మా మేనత్త, చేతిలో నారు ఆపకుండానే, ఒడ్డు మీది బిడ్డకు సర్దిచెబుతూ అప్పటికప్పుడు ఆ చరణం కట్టిందట. నేను పెద్దదాన్నై లింగాల దగ్గర ఒక మడిలో, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ల నోట అదే చరణం విన్నప్పుడు గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. నా గ్రంథంలో ఆ పాట కింద చిన్న అక్షరాలతో ఒక పాదసూచిక రాసుకున్నాను: ఈ పాట కట్టింది మా మేనత్త, ఒడ్డు మీద ఏడ్చిన బిడ్డను నేనే. మొత్తం గ్రంథంలో నాకు నచ్చిన వాక్యం అదొక్కటే.

ఇక మా గైడు గారి సంగతి. గారు అనడానికి ఈ రోజుకీ మనసొప్పడం లేదు, అలవాటు మీద వస్తోంది. ఆయన ఇల్లు వనపర్తిలో. ఆదివారం పూట గద్వాల నుంచి బస్సెక్కి పోయి, ఆయన పూజ అయ్యేదాకా, ఆపై టిఫిన్ అయ్యేదాకా, ఆపై పేపరు చదవడం అయ్యేదాకా వాకిట్లో కూర్చునేదాన్ని. ఆయన కోసం మోసిన పల్లీల సంచులకు లెక్కే లేదు. నా రాతలో ఒక్క కామా మార్చిన పాపాన పోలేదు ఆయన. పైగా, నాటు పాటల మీద కూడా పరిశోధనేమిటమ్మా అని నవ్వేవారు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

గ్రంథం పూర్తయ్యే వేళకు విశ్వవిద్యాలయం కొత్త నిబంధన పెట్టింది, బైండు చేసిన ప్రతులతో పాటు సీడీలో సాఫ్ట్ కాపీ కూడా ఇవ్వాలని. ఆ ఎలక్ట్రానిక్ సమర్పణ ఏర్పాట్లు చూసే కమిటీలో మా గైడు కూడా ఉన్నారు. నాకు కంప్యూటర్ అంటే భయం. గద్వాలలో డీటీపీ సెంటరు నడిపే మా పెద్దనాన్న కోడలు, నాకు వదిన వరస, పెళ్లికార్డుల మధ్యన ఎనిమిది నెలలు కూర్చుని నా గ్రంథం మొత్తం టైపు చేసింది. పీడీఎఫ్ అనేది ఒకటుందని మా ఇద్దరికీ తెలియదు. టైపు చేసిన ఫైలునే సీడీలోకి ఎక్కించాం. వదిన వాడింది ఒక పాత ఫాంటు, అది లేని వేరే కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చిగీతలు వచ్చేవి. అది నాకు తెలియక, కాగితం జిరాక్స్ ఇచ్చినంత నిబ్బరంగా, గైడు అడగ్గానే ఆ సీడీ తీసుకెళ్లి చేతిలో పెట్టి వచ్చాను. ముందు నేను సరిచూస్తాను, సంతకం తర్వాత పెడతాను అన్నారాయన.

ఆ తర్వాత ఏడాది పైన గడిచింది. సంతకం లేదు. అడిగితే ఒకసారి ఆరోగ్యం బాగోలేదు, ఒకసారి మూడో అధ్యాయం బాగోలేదు. సంతకం లేనిదే గ్రంథం ఆఫీసు గడప దాటదు. మా మేనత్త కనబడ్డప్పుడల్లా ఒకటే ప్రశ్న అడిగేది, పాట నాదని కాయిదం మీద ఎక్కిందా బిడ్డా అని. ఎక్కుతుందత్తా అనేదాన్ని. అక్షరం రాని మనిషి, కాయిదం అంటే ఆమెకు ఎంత గురో చెప్పలేను.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం కళాశాలకు వదిన ఫోన్ వచ్చింది. "ఓ పిల్లా, నీ పాటలు ఎవడో పట్టుకొచ్చిండు. పైన పేరు మార్చాల్నంట. ఏం జెయ్యాలె, జల్ది చెప్పు" అంది.

సంగతేమిటంటే, గైడు మేనల్లుడు నాగర్‌కర్నూల్‌లో లెక్చరరు, అదే విశ్వవిద్యాలయంలో మామయ్య దగ్గరే పీహెచ్‌డీకి చేరి ఏళ్లయినా ఒక్క పేజీ రాయని ఘనుడు. నా సీడీ వాడి చేతికి వెళ్లింది. వనపర్తిలో తెరిస్తే పిచ్చిగీతలు, నాగర్‌కర్నూల్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. ఆ పాత ఫాంటు గద్వాలలో ఒకామె దగ్గర ఉందని ఎవరో చెబితే, వెతుక్కుంటూ వచ్చి, టైపు చేసిన మనిషి చేతికే తెచ్చి ఇచ్చాడు. గ్రంథం ఎక్కడ టైపు అయిందో నన్ను అడగాలని మామకూ తోచలేదు, అల్లుడికీ తోచలేదు. అట్ట, ధ్రువపత్రం, కృతజ్ఞతల పేజీ మార్చి, మిగతాది ఉన్నదున్నట్టు ప్రింటు తీయమన్నాడట.

ముందు వాడి చొక్కా పట్టుకుందామనే అనిపించింది. కానీ అప్పుడు పట్టుకుంటే ఏమవుతుంది, సీడీ విరిచేసి నాకేం తెలియదంటాడు, గైడు నేనే కాపీ కొట్టానని ఎదురు ఫిర్యాదు పెడతాడు, నా సంతకం జన్మలో రాదు. అందుకని వదినతో, వాడు చెప్పింది చెప్పినట్టు చేయి, మిగతా దాంట్లో ఒక్క అక్షరం ముట్టుకోకు అన్నాను. నా జీవితంలో నేను అంత చల్లగా మాట్లాడింది అదే మొదలు, అదే చివర. వదిన వాడిని మర్యాదగా కూర్చోబెట్టి, చాయ్ పోసి, అడిగిన మూడు పేజీలే మార్చి, పాదసూచికతో సహా నా బతుకంతా వాడి పేరు కింద ప్రింటు తీసి ఇచ్చింది. వాడు చదవడని నాకు తెలుసు. మామ అంతకన్నా చదవడు. కమిటీలో ఉన్న మామ ఆ ప్రింటునే స్కాన్ చేయించి, ఎలక్ట్రానిక్ సమర్పణ అంటే ఇట్లా ఉండాలని, అందరికీ నమూనాగా విశ్వవిద్యాలయం కంప్యూటర్లలోకి ఎక్కించారు కూడా.

పరిశోధన చేసిన వాళ్లకు తెలుసు, చివర్న బహిరంగ వైవా ఉంటుంది. నోటీసు బోర్డు మీద పెడతారు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ప్రశ్న కూడా అడగవచ్చు. ఎవరూ అడగరు, అందరి కళ్లూ వెనక బల్ల మీది సమోసాల మీదే ఉంటాయి. ఆ రోజు కోసం నేను నెలలు ఎదురుచూశాను. పళ్లు నూరుకుంటూ, గైడు ఎదురైతే నమస్కారం పెడుతూ ఎదురుచూశాను. తేదీ తెలియగానే మా మేనత్తకు పెట్టెలోని పట్టంచు చీర కట్టించి, వదిన దాచి ఉంచిన పాత ప్రూఫులు, వాటి నిండా నా ఎర్రసిరా దిద్దుబాట్లు, టేపు క్యాసెట్లు అన్నీ ఒక సంచిలో సర్దుకుని, తొలి బస్సుకు హైదరాబాద్ బయలుదేరాం. నన్ను చూడగానే గైడు మొహంలో నెత్తురు చుక్క లేదు. వెళ్లిపొమ్మనడానికి లేదు, బహిరంగం కదా. మేమిద్దరం వెనక వరసలో కూర్చున్నాం.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, శ్రద్ధగా చదివే మనిషి. అన్నీ అడిగాక కళ్లజోడు తీసి, మెత్తని గొంతుతో, నన్ను బాగా కదిలించింది ఆ పాదసూచిక నాయనా, ఒడ్డు మీద ఏడ్చిన ఆ బిడ్డవు నువ్వేనా అన్నాడు. వాడికి ఆ మాట ఎక్కడిదో తెలియదు. మామ వైపు చూశాడు, మామ నేల వైపు చూశాడు. అవును సార్ అన్నాడు వాడు. మరి ఆ మేనత్త ఉన్నారా అని పెద్దాయన అడిగితే, చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, కాలం చేసి చాలా ఏళ్లయింది సార్ అన్నాడు.

ప్రశ్నలకు పిలిచినప్పుడు లేచి నేను మాట్లాడాలని పదిసార్లు బట్టీ పట్టుకుని వచ్చాను. నాకు ఆ అవకాశమే రాలేదు. మా మేనత్త కొంగు నడుముకు దోపుకుని లేచి నిలబడింది. "నేను సచ్చిపోయిన్నంటనా? ఎప్పుడు సచ్చిన్నయ్యా, జర చెప్పు, నాకే తెల్వదు" అంది. గదంతా వెనక్కి తిరిగింది. ఆమె నన్ను భుజం పట్టి లేపింది. "ఒడ్డు మీద ఏడ్చింది ఆడపిల్ల సారూ. అగో, గిదే. గీ మీసాలాయన మా ఇంట్ల ఎప్పుడు పుట్టిండు?"

తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరూరుతుంది. ప్రూఫులన్నీ బల్ల మీద పరిచాను. గైడు ఏదో అనబోయి మంచినీళ్లు అడిగారు. వాడు చొక్కా తడిసి నిలబడ్డాడు. పెద్దాయన తన నివేదికను అక్కడికక్కడే చింపి, వైవా ఆపేశారు. పాట పాడి వినిపించమని ఆయన చేతులు జోడించి అడిగితే మా మేనత్త, మడి లేనిదే పాటేంది సారూ అని కూర్చుంది. వాళ్లు తెప్పించుకున్న సమోసాలు ఎవరూ ముట్టలేదు. నేను రెండు తిన్నాను, మా మేనత్త మూడు తిన్నది. అంత రుచి నేను మళ్లీ ఎరగను.

గైడును మార్చారు, ఏడాదికి నా పట్టా నాకు వచ్చింది. ఆయన మాత్రం కొన్నాళ్లు తలదించుకుని, మళ్లీ సభలకు ఎక్కడం మొదలుపెట్టారు. వనపర్తిలో ఆయన ఎక్కడ మాట్లాడినా నేను పోయి మొదటి వరసలో కూర్చునేదాన్ని, ఏమీ అనేదాన్ని కాదు, ఊరికే చూసేదాన్ని. గంట ఉపన్యాసం పావుగంటలో అయిపోయేది. ఆయన పోయారని తెలిసిన రోజు కూడా నాకు జాలి కలగలేదు, ఇక ఎక్కడికి పోయి కూర్చోవాలా అనిపించింది. క్షమించమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లు ఎనిమిది నెలలు టైపు చేయించుకుని చూడాలి.

ఇదంతా అయ్యాక, మొన్న తెర మీద వాడి పేరు. నా పట్టా కోసం గ్రంథంతో పాటు నేనిచ్చిన సీడీని ఎవరూ తెరవలేదట, తెరిచినా పిచ్చిగీతలే కనుక పక్కన పడేశారట. నమూనా అని ఎక్కించిన వాడిది మాత్రం తీసేయడం ఎవరి పనీ కాదు గనుక అట్లాగే ఉండిపోయింది. మా మేనత్త పోయి ఆరేళ్లు. కాయిదం మీద ఎక్కిందత్తా అని వైవా రోజు తిరుగు బస్సులో ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాను, ఆమె కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆ మాట ఇన్నేళ్లూ అబద్ధంగా బతికిందా అని గుండె కలుక్కుమంది. ఇప్పుడు ధరూర్ వైపు నాట్లకు యంత్రాలు దిగుతున్నాయి, ఒడ్డు మీద బిడ్డలు లేరు, అది మంచిదే, కానీ పాట ఎత్తే గొంతూ లేదు. నా క్యాసెట్లకు బూజు పట్టింది. ఇప్పటి పిల్లలు కాపీ కొడితే యంత్రమే పట్టేస్తుందట, కొంగు దోపుకుని లేచే మేనత్తల అవసరం లేదట.

బీరువాలోంచి నా బైండు ప్రతి తీశాను. మా తమ్ముడి కూతురు మూడు రోజులు కూర్చుని ఒక్కో పేజీ ఫోన్‌తో స్కాన్ చేసి, గ్రంథాలయం వాళ్లకు రాసి, నిన్న ఎక్కించింది. వాడిది తీసేయమని కూడా రాయనా అత్తా అని అడిగింది. వద్దన్నాను. ఉండనీ. రెండూ పక్కపక్కనే ఉండనీ. ఎవరు తెరిచినా ఒకే ఒడ్డు మీద ఇద్దరం ఏడుస్తూ కనబడతాం, తారీఖు ప్రకారం వాడే ముందు ఏడ్చాడు కూడా. అందుకని నా గ్రంథం మొదటి పేజీలో, పేరు పక్కన, మా మేనత్త ఫోటో పెట్టించాను. పట్టంచు చీరలో, కొంగు నడుముకు దోపుకుని ఉంది. ఇప్పుడు అడుగు, కాయిదం మీద ఉందత్తా.