సంతకం లేని వకాలత్

ఎవరు కేసు కాగితాలు తెచ్చినా ఆదోని వకీలు ముందుగా, వకీలును పెట్టుకునే వకాలత్ కాగితం అడుగున వేలు పెట్టేవాడు. "పాత వకీలు ఒప్పుకున్నట్టు సంతకం యాడప్పా?" అని అడిగేవాడు. అది లేకుంటే ఇంకొకరి కక్షిదారును ముట్టుకునేవాడు కాదు. నన్నూ రెండుసార్లు వెనక్కి పంపాడు.

ఆస్పరిలో నా ఎకరా డెబ్బై మూడు సెంట్ల మీద నేను వేసిన దావా నడుస్తోంది. పదకొండు వాయిదాల్లో నా ఎమ్మిగనూరు వకీలు వచ్చింది మూడింటికే. సంతకం అడిగితే, "నా కేసు నా కాడే ఉంటాది, పో" అన్నాడు. పన్నెండో వాయిదాకూ రాలేదు. ఎవరూ నిలబడకపోతే ఆ రోజే దావా కొట్టేస్తారు. కాగితాలు పట్టుకుని మళ్లీ ఆదోని వకీలు దగ్గరికే పోయాను. ఆయన ఆ ఖాళీచోటు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత కోటు గుండీలు పెట్టుకుని లేచాడు. నా భూమి నిలిచింది.

తన సంతకం లేకుండా కేసు తీసుకున్నాడని ఎమ్మిగనూరు వకీలు వకీళ్ల మండలికి ఫిర్యాదు చేశాడు. విచారణలో నన్ను ఒక్కటే అడిగారు, సంతకం ఉందా అని.

"లేదు సార్. కానీ పన్నెండు వాయిదాల్లో..."

"అడిగినదానికే చెప్పు."

ఆదోని వకీలు ఆరు నెలలు కోర్టులో వాదించకూడదన్నారు. ఎమ్మిగనూరు వకీలు రాని ఆ తొమ్మిది వాయిదాల మాట ఎవరూ ఎత్తలేదు. బయట నేను తలెత్తలేకపోతే ఆయనే అన్నాడు: "నువ్వు అబద్ధమేం సెప్పలేదులేప్పా."

ఆయన తిరిగి వచ్చాక మా ఊళ్లో కూలి చేసుకునే ఒకామెను ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె వకీలూ వాయిదాలకు రావడం లేదు. "సంతకం తెచ్చుకో పోమ్మా" అన్నాడు.

మర్నాడు కోర్టులో ఆమె పేరు మూడుసార్లు పిలిచారు. ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. లేవలేదు.